సెలైన్‌లో మందు ఎక్కించుకునే రోజున ఏ బట్టలు?

జబ్బు గురించి అడుగుతారు, పథ్యం గురించి అడుగుతారు, ఖర్చు గురించి అడుగుతారు. ఆసుపత్రికి ఏ బట్టలు కట్టుకుని వెళ్ళాలని డాక్టరును అడిగేవాళ్ళు మాత్రం అరుదు. అది అడగవలసిన ప్రశ్నే అని ప్రేగుల వాపు జబ్బుతో బాధపడేవాళ్ళను చూస్తే తెలుస్తుంది.

ఈ జబ్బులో ముఖ్యంగా రెండు రకాలు. పెద్దప్రేగు లోపలి పొర పుండ్లు పడి రక్తవిరేచనాలయ్యేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం వరకూ ఎక్కడైనా రాగలిగేది క్రాన్స్ జబ్బు. 1932లో క్రాన్ అనే అమెరికన్ డాక్టరు మరో ఇద్దరితో కలిసి దీన్ని వివరించడం వల్ల ఆ పేరు వచ్చింది. మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి ప్రేగుల మీద పడటం ఈ రెండింటిలోనూ జరిగేది. మాత్రలకు లొంగనప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందును సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. ఇది 1998 నుంచి వాడుకలో ఉంది. మొదటి డోసు తరువాత రెండో వారంలో ఒకటి, ఆరో వారంలో ఒకటి, ఆపైన సాధారణంగా ఎనిమిది వారాలకొకటి. ఎక్కడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. తరువాత గంటో రెండు గంటలో కూర్చోబెట్టి గమనిస్తారు.

మా చందానగర్‌లో తెలిసిన టీచరమ్మ ఒకావిడ రెండు డోసులయ్యాక, "మూడోదానికి వెళ్ళను అన్నయ్యగారూ!" అంది. మందు పడలేదా అంటే, కాదు, గుణం కనిపిస్తూనే ఉంది. పెద్దాసుపత్రి కదా అని గంజి పెట్టిన చీర, బిగుతు చేతుల జాకెట్టు, రెండు చేతులా గాజులతో వెళ్ళిందట. మందు ఎక్కుతుండగా విరేచనానికి వచ్చింది. ఒక చేతికి సూది, రెండో చేతిలో సెలైన్ స్టాండు. ఇక కుచ్చిళ్ళు ఎలా పట్టుకుంటుంది? చీర పాడయింది. ఆమెను కుంగదీసింది జబ్బు కాదు, సిగ్గు.

"చూడమ్మా, డోసు మానేస్తే జబ్బు తిరగబెట్టడం ఒక్కటే కాదు. ఎక్కువ విరామం వస్తే ఒళ్ళు ఆ మందునే శత్రువనుకుని ఎదురు తిరగవచ్చు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పనిచేయకపోవచ్చు, వికటించనూ వచ్చు. మార్చవలసింది చీరను, మందును కాదు" అన్నాను.

కాబట్టి ఆ రోజున ఆడవాళ్ళు వదులైన పంజాబీ డ్రస్సో, ముందు గుండీలున్న నైటీయో వేసుకోండి. చీరే కట్టాలంటే మెత్తని నూలు చీర, వదులు చేతుల జాకెట్టు మంచిది. లంగా బొందు పొట్ట మీద బిగించకండి. మగవాళ్ళు బెల్టు ప్యాంటు మాని, ఎలాస్టిక్ నడుమున్న పైజామా, గుండీల చొక్కా వేసుకోండి. చెయ్యి మోచేతి పైదాకా సులువుగా మడతపడాలి. గాజులు, ఉంగరాలు, వాచీ ఇంట్లో ఉంచండి. గోళ్ళరంగు తీసేయండి, వేలికి తగిలించే ఆక్సిజన్ యంత్రానికి అది అడ్డు రావచ్చు.

ఏ.సి. గదిలో గంటల తరబడి కూర్చోవాలి గనుక శాలువా, మేజోళ్ళు ఉండాలి. చేతులు వెచ్చగా ఉంటే నరం కూడా సులువుగా దొరుకుతుంది. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉండకపోతే ముందు రోజు నుంచే బాగా తాగండి. పరగడుపున వెళ్ళనక్కర లేదు. మీకు పడే ఇడ్లీయో, మెత్తని అన్నమో కాస్త తినండి. సంచిలో ఒక జత బట్టలు, లోదుస్తులు, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. అవి ఉన్నాయన్న ధైర్యమే సగం బలం.

చందానగర్ నుంచి గచ్చిబౌలి వైపు వెళ్ళేవాళ్ళకు ట్రాఫిక్ సంగతి తెలిసిందే. ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్ళలో మరుగుదొడ్డి ఉండదు. ముందుగా బయలుదేరండి, వెళ్ళగానే మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుని దాని దగ్గరి కుర్చీ అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. ఎలర్జీ రాకుండా ముందుగా ఇచ్చే మందుకు నిద్ర ముంచుకురావచ్చు. స్కూటరు నడుపుకుంటూ తిరిగి రావద్దు, తోడు ఒకరుండాలి.

మన దేశంలో క్షయ ఎక్కువ. ఈ మందు ఒంట్లో దాగి ఉన్న క్షయను మేల్కొలపగలదు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయిస్తారు. వెళ్ళే రోజున జ్వరం, దగ్గు, ఎక్కడైనా చీము ఉంటే ముందే ఫోను చేసి చెప్పండి.

మందు ఎక్కేటప్పుడు దురద, దద్దుర్లు, ఆయాసం, ఛాతీ పట్టేయడం కనిపిస్తే ఓర్చుకోకండి, వెంటనే నర్సును పిలవండి. శాలువా కప్పుకున్నా వణుకు తగ్గకపోతే అది ఏ.సి. చలి కాకపోవచ్చు. ఇంటికి వచ్చాక వారం పది రోజుల్లో జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వచ్చినా డాక్టరుకు చెప్పాలి. తరువాతి డోసు తేదీని మాత్రం ఇంటి క్యాలెండరు మీద ఆ రోజే గుర్తు పెట్టుకోండి.