బందర్‌లో బారిష్

బందర్ అంటే ఫార్సీలో రేవు. ఉర్దూ మీడియం బడిలో మాకు బందర్‌గాహ్ అని నేర్పారు. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు అదే మాట మచిలీపట్నానికి ఇంటిపేరులా ఎదురైంది. లంగరు కూడా అంతే, ఫార్సీదే. ఈ రేవులో సరుకుతో పాటు అల్ఫాజ్ కూడా దిగాయన్నమాట.

పేపర్ పని మీద చాలాసార్లు వెళ్లాను గానీ, తీరిగ్గా ఊరు చూసింది మొన్ననే. అబ్బా అడిగారు. ఆయనకి డెబ్భై ఎనిమిది. గుండె ఆపరేషన్ అయ్యాక హజ్ సఫర్ వద్దన్నాడు డాక్టర్. హజ్జె బదల్ చేయిద్దామని తమ్ముడంటే అబ్బా ఏమీ మాట్లాడలేదు. రెండ్రోజుల తర్వాత, "బందర్ లేకే చల్ బేటా. గోల్కొండ జమానేమే హాజీలోగాఁ వహీఁ సే జాతే థే నా" అన్నారు.

నిజమే. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కణ్ణుంచి ఎర్ర సముద్రంలోని మోఖాకు జహాజులు వెళ్లేవి, హజ్ యాత్రికులూ వాటిలోనే ఎక్కేవారు.

విజయవాడ దాటేసరికే బారిష్. వాయుగుండం అన్నారు. వెనక్కి పోదామా అంటే, "రహమత్ హై, చల్" అన్నారు.

ముందు డచ్చివాళ్ల సమాధులకి వెళ్లాం. వాళ్లు 1605లో ఇక్కడ కొఠీ పెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. ఏ ఖబ్రస్తాన్‌కి వెళ్లినా అబ్బా గేటు దగ్గరే సలాం చెబుతారు. ఇక్కడా నోరు తెరిచి, సగంలో ఆగి, నా వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు. చెక్కిన అక్షరాల్లో నీళ్లు నిలిచాయి. అబ్బా చత్రీ కింద నిలబడి వేలితో ఒక అక్షరం నీళ్లు తుడిచారు. "ఇత్తీ దూర్ సే ఆకే యహాఁ సోగయే" అన్నారు.

బందరుకోటలో ఇప్పుడు మిగిలింది తక్కువే. 1864 నవంబరు 1 తుపానులో సముద్రం ఊళ్లోకొచ్చి దాదాపు ముప్పై వేల మందిని పట్టుకుపోయిందంటే, ఆ మొండిగోడలైనా నిలబడటమే ఎక్కువ.

పెడనలో కలంకారీ పని ఆగిపోయి ఉంది. ఎండ లేకపోతే బట్ట ఆరదు. కరక్కాయా గేదెపాలూ కలిపి నానబెట్టిన గుడ్డల వాసన మాత్రం షెడ్డంతా. కలమ్, కారీ రెండూ ఫార్సీ మాటలే, అచ్చులు కొట్టే చేతులు తెలుగువి. మన పిల్లల్ని ఎవరైనా 'మీరెక్కణ్ణుంచి వచ్చారు' అని అడిగితే ఆ షెడ్డుకి తీసుకెళ్లాలనిపిస్తుంది నాకు. అబ్బా అక్కడే ఒక గుడ్డ కొన్నారు. పూలూ తీగలూ, సరిగ్గా జానమాజ్ అంత.

మంగినపూడి చేరేసరికి వాన సన్నబడింది. అబ్బా కారు దిగలేదు, అద్దం దించి చూస్తూ కూర్చున్నారు. బూడిదరంగు నీళ్లు, బూడిదరంగు ఆకాశం. ఈ తీరంలో లోతు చాలదు, పెద్ద జహాజులు దూరంగా లంగరేస్తే మనుషుల్ని చిన్న పడవల్లో తీసుకెళ్లేవారని చెప్పాను.

"మోఖాకు ఎన్ని రోజులు పట్టేదిరా?"

"గాలిని బట్టి అబ్బా. వారాలకి వారాలు."

కాసేపు ఆగి, "వో లోగాఁ ఇత్తే దిన్ గయే. మై విమాన్ మే ఛే ఘంటే నై బైఠ్ సక్తా క్యా?" అన్నారు.

జవాబు చెప్పలేకపోయాను. వైపర్లు వేశాను.

తిరుగుదారిలో అమ్మీ కోసం బందరు లడ్డు కట్టించాం. పామర్రు దాటాక తన పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగారు. అమ్మీ పెట్టెలో ఉందన్నాను. గడువు ఎప్పటిదాకా ఉందో ఇంటికెళ్లగానే చూడమన్నారు.