నయాగఢమున రజపర్వము

ఒడిశాలోని నయాగఢము ఛెనాపోడకుఁ బేరెన్నికగన్నది. జూన్ నడుమ వచ్చు రజపర్వమునకు ముందునాఁడు మేము బరంపురము మీఁదుగా నచ్చటఁ జేరితిమి. భూదేవి రజస్వలయగునని యెంచి యా 3 దినములు నాఁగలి పట్టరు; స్త్రీలు రుబ్బరు, దంచరు. కావునఁ బిండివంటలు ముందే ముగియవలెను.

మేము బసచేసిన యింటి గృహిణి, నిమ్మరసముతో విఱిచిన పాలముద్దను వడియఁగట్టి, దానిలో సగమెత్తు చక్కెరయు, కొంచెము బొంబాయిరవ్వయు, ఏలకులపొడియుఁ జేర్చి మర్దించెను. తలకొకటి వచ్చునట్లు నేయి రాచిన చిన్నగిన్నెలలో నింపి, క్రిందను మీఁదను నిప్పులుంచి, పైభాగ మెఱ్ఱనగువఱకుఁ గాల్చెను. చల్లారినగాని తీయరాదు. పెద్దదైనచోఁ గోసి వడ్డింపవలెను. వీనిని ఎవరివి వారే తీసికొందురు.

మఱునాఁడు అత్తాకోడండ్రు ఊయల లూఁగుచుండిరి. మన యిండ్లలో మూలఁ గూర్చుండుటకుఁ గారణమైనది అచ్చటఁ బండుగైనది. సోదరీమణులారా! మనమును సంక్రాంతి వంటలు ముందునాఁడే ముగించి, పండుగనాఁ డొక్కపూటయైనను గూర్చుండి తినరాదా?