తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

"మా తర్వాత వీడి గతేంటి మేడమ్?"

మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో పనిచేసే వాళ్లెవరికీ ఈ మాట కొత్త కాదు. బిడ్డకు పదేళ్లప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. బిడ్డకు ముప్పై అయిదు, తండ్రికి డెబ్బై వచ్చేసరికి ఏడుస్తూ అడుగుతారు. హైదరాబాద్‌లో స్పెషల్ టీచర్‌గా మొదలుపెట్టిన నేను ఇప్పుడు ఆ వైకల్యంతో పెద్దవాళ్లయిన వాళ్లకు ఎలాంటి సేవలు కావాలో చూసే పనిలో ఉన్నాను. తల్లిదండ్రులు ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆ కొడుకో కూతురో పక్క కుర్చీలోనే ఉంటారు. అటు తిరిగి "నీకెక్కడ ఉండాలనుంది?" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ ఒక్క ప్రశ్నను పనిలోకి తీసుకురావడమే ఇప్పుడు నా ఉద్యోగం.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984లో మొదలైంది. ఇక్కడి స్పెషల్ టీచర్లలో చాలామంది అక్కడి శిక్షణతోనో అక్కడి పుస్తకాలతోనో పని నేర్చుకున్నవాళ్లే. పిల్లల విషయంలో మనకు కొంత దారి తెలుసు. స్పెషల్ స్కూళ్లున్నాయి, మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది దాటితే ఆ దారి సన్నబడుతుంది. ఒక సర్టిఫికెట్, పింఛను, బస్ పాస్. దగ్గర్లో ఉంటే కాగితం సంచులో ఫినాయిలో చేయడం నేర్పే కేంద్రం. లేకపోతే ఇల్లు, టీవీ. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఈ వైకల్యం కింద నమోదైనవాళ్లే 15 లక్షలు దాటారు. వాళ్లంతా పిల్లలుగానే ఉండిపోరు కదా.

కొన్ని కుటుంబాలు కలిసి గ్రూప్ హోమ్ పెట్టుకుందామని వచ్చినప్పుడు వాళ్ల చేతిలో అప్పటికే ప్లాన్ గీసి ఉంది. గదికి ముగ్గురు, ఒక వంటమనిషి, ఒక వార్డెన్, రాత్రి ఎనిమిదికి గేటుకు తాళం. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. ఆ ప్లాన్‌లో ప్రతి గీతా ఆ భయం గీయించిందే. "ఇందులో ఉండబోయేవాళ్లను అడిగాక గోడలు కడదాం" అన్నాను. "వాళ్లకేం తెలుస్తుంది మేడమ్, ఏదడిగినా ఊఁ అంటారు" అన్నాడొక పెద్దాయన.

ఆ మాటలో నిజముంది. చిన్నప్పట్నుంచీ చెప్పినట్టు వింటే మంచివాడని మెచ్చుకోవడం చూసినవాళ్లు ఏదడిగినా అవునంటారు. అందుకే అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు మేం అడగం. బల్లమీద మూడు చోట్లు పెడతాం: ఇష్టం, తెలీదు, ఇష్టంలేదు. ఫోటోలు వాళ్ల జీవితంలోంచే తీసుకుంటాం. వాళ్లింటి బకెట్, వాళ్ల మంచం, వాళ్లెక్కే బస్సు, వాళ్లకు టీ ఇచ్చే మనిషి. కొన్నాళ్లాగి అవే ఫోటోలు వరస మార్చి మళ్లీ ఇస్తాం. రెండుసార్లూ ఒకే చోట పెడితే దాన్ని జవాబుగా రాసుకుంటాం. అమ్మానాన్నలు ఆ గంటసేపు బయట కూర్చుంటారు. ఇది వాళ్లకు కష్టమే. అయినా వాళ్లు గదిలో ఉన్నంతసేపూ పిల్లల కళ్లు ఫోటోల మీద నిలవవు, అమ్మ ముఖం మీదే ఉంటాయి.

అలా అడిగితే వచ్చిన జవాబుల్లో మొదటిది తాళంచెవి. ఒకతను తాళంచెవి ఫోటోను 'ఇష్టం' వైపు పెట్టి, దానిమీద అరచెయ్యి ఆనించి తీయలేదు. అతని తమ్ముడికి ఇంటి తాళంచెవి ఉంది, బండి తాళంచెవి ఉంది, ఇతనికి ఏదీ లేదు. ఇంకొకరు బాత్‌రూమ్ లోపలి గడియ అడిగారు. గదిలో తన పక్కన ఎవరు పడుకుంటారో ముందే చెప్పమన్నారు మరొకరు. ఆదివారం అమ్మ వస్తుందా అన్నది దాదాపు అందరి ప్రశ్న. భవనం రంగు గురించి, మెనూ కార్డు గురించి మేం తీసుకెళ్లిన ఫోటోలను ఎవరూ పట్టించుకోలేదు.

ఒకావిడ హాస్టల్ ఫోటోను ప్రతిసారీ 'ఇష్టంలేదు' వైపుకు తోసేసి, అన్నావదినల వంటిల్లు ఫోటోను మాత్రం వదిలిపెట్టలేదు. వదినకు నడుంనొప్పి, ఇద్దరు చిన్నపిల్లలు. "నాకు ఆమెమీద కోపం లేదండీ, ఓపిక లేదు" అంది వదిన. ఆ ఇంటికి కావలసింది గ్రూప్ హోమ్‌లో ఒక మంచం కాదు. రోజూ పొద్దున నాలుగు గంటలు వచ్చి, స్నానం చేయించి, బయటికి తీసుకెళ్లే మనిషి. భవిష్యత్తు సేవలు అనగానే మన వాళ్లకు స్థలం, భవనం, శంకుస్థాపన గుర్తొస్తాయి. చాలా ఇళ్లకు అంతకంటే తక్కువ ఖర్చులో ఒక నమ్మకమైన మనిషి చాలు. ఆ మనిషికి సరైన జీతం, శిక్షణ ఇచ్చే ఏర్పాటే మన దగ్గర అన్నిటికంటే పలచగా ఉంది.

మాటలు లేనివాళ్ల సంగతేమిటని అడుగుతారు. ఒక అమ్మాయిని కొత్త ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది గానీ అక్కడ వదల్లేదు. రెండూ చేత్తో పట్టుకునే గదులన్నీ తిరిగింది. ఇక్కడ ఉండనని అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అందుకని ఆమెను మొదట సాయంత్రం టీకి, తర్వాత మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్తూ వచ్చాం. ఇంటి దగ్గరి దుప్పటి అక్కడి మంచం మీద పరిచాం. చెప్పులు గుమ్మం దగ్గర ఉండిపోయాకే రాత్రి పడుకోవడం గురించి మాట్లాడాం. ఇలాంటివి రోజూ రాసిపెట్టాలి. లేకపోతే కొత్తగా వచ్చిన ఆయాకు ఆ చెప్పుల అర్థం తెలియదు.

చట్టం మన వెనకే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్ సమాజం మధ్య బతికే హక్కు ఇచ్చింది. ఫలానా చోటే ఉండాలని వాళ్లను కట్టిపడేయకూడదంది. అదే చట్టం పద్నాలుగో సెక్షన్‌లో సంరక్షకుడు కూడా ఆ మనిషితో కలిసి, పరస్పర నమ్మకంతో నిర్ణయం తీసుకోవాలని రాసి ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించే జిల్లాస్థాయి కమిటీలో కలెక్టర్ స్థాయి అధికారితోపాటు ఒక వైకల్యం ఉన్న వ్యక్తీ ఉండాలి. బ్యాంకు ఖాతా కోసమో ఆస్తి కోసమో తల్లిదండ్రులు ఆ కమిటీ ఇచ్చే సంరక్షక పత్రం తీసుకుంటారు, అవసరమే. కానీ ఆ కాగితం చేతికొచ్చాక ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరితో మాట్లాడాలో కూడా దాంతోనే నిర్ణయించడం నేను చూస్తూనే ఉన్నాను. అది అన్యాయం. ప్రతి ఇంట్లోనూ ఈ మాట సూటిగానే చెబుతాను.

ఒకసారి ఒక ఆఫీసులో సేవల మీద సమావేశమని మా వాళ్లను పిలిచారు. దండలు వేశారు, ఫోటోలు తీశారు. మినిట్స్ మాత్రం ముందే టైపై ఉన్నాయి. తిరిగొస్తుంటే ఒకతను "నన్నేం అడగలేదు టీచర్" అన్నాడు. అప్పట్నుంచి మేం మూడు షరతులు పెడుతున్నాం. చర్చించబోయేది వారం ముందే పెద్ద అక్షరాల్లో, వాక్యానికొక్క సంగతి చొప్పున, పక్కన ఫోటోతో ఇవ్వాలి. మధ్యలో విరామం ఉండాలి. మిగతా నిపుణులకిచ్చినట్టే వీళ్లకూ సిట్టింగ్ ఫీజు, ఆటో ఖర్చులు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2001 నాటి ప్రభుత్వ విధానం ఇలాంటివాళ్లకు స్థానిక బోర్డుల్లో చోటు కల్పించింది. మన జిల్లాల్లో అది చేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

గ్రూప్ హోమ్ ప్లాన్ మారింది. గదికి ఇద్దరే, వాళ్లు ఎంచుకున్న జోడీలే. ప్రతి ఒక్కరి అలమరాకూ తాళం. బయటి తలుపు తాళంచెవి, రోడ్డు దాటడం వచ్చినవాళ్లందరి దగ్గరా ఉంటుంది. రానివాళ్లకు అది నేర్పడం సిబ్బంది పనుల్లో ఒకటిగా రాశాం. ఒకరిద్దరు తల్లులు ఇంకా ఒప్పుకోలేదు, వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాం.

సహాయకుల ఇంటర్వ్యూలకు కూడా ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లలో ఇద్దరిని కూర్చోబెట్టాం. మా ప్రశ్నలు అనుభవం గురించి, సర్టిఫికెట్ల గురించి. వాళ్లలో ఒకమ్మాయి అందరినీ ఒకటే అడిగింది: "అన్నం పెట్టేటప్పుడు అరుస్తావా?" ఒకావిడ నవ్వేసింది. ఇంకొకావిడ కాసేపాగి, "అలిసిపోతే గొంతు పెరుగుతుందమ్మా, అప్పుడు నువ్వు చెప్పు, ఆపేస్తా" అంది. ఆ అమ్మాయి రెండో ఆవిడ ఫోటోను 'ఇష్టం' వైపు పెట్టింది. ఆమెనే మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నాం. గడువు ముగిశాక ఉంచాలా వద్దా అన్నదాంట్లో ఇంటర్వ్యూ చేసిన మా ఇద్దరి ఓట్లతోపాటు వాళ్లిద్దరి ఓట్లూ లెక్కలోకి వస్తాయని నియామక పత్రంలోనే రాశాం.