నిన్న మీ ఇంట్ల ఏం కూర?



పోయిన వారం హాస్టల్ ముచ్చట్లు రాసిన. ఈ వారం ఒక ముస్లిం రచయిత పిల్లల కోసం రాసిన కథల గురించి రాస్తున్న. అయితే ఆయన ముచ్చట చెప్పాల్నంటే ముందుగాల నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలె.

మాది మడికొండ. ఊరి పేరెత్తితే చదువుకున్నోళ్లు వానమామలై వరదాచార్యులు పుట్టిన ఊరంటరు, కాళోజీ పెరిగిన ఊరంటరు. నిజమే. మా మాదిగవాడ పిల్లలకు మాత్రం యాదికుండేది మెట్టుగుట్ట జాతర, పక్కపొంటి కాజీపేట దర్గా ఉర్సు. మా అవ్వ మొక్కున్నా లేకున్నా నన్ను ఉర్సుకు తోలుకపోయేది. పీరీల పండుగకు మా నాయిన డప్పు కొడితె సాయిబుల పిల్లలు, మేము ఒక్కతాన్నే దుంకేటోళ్లం. బైట గంత కలిసి ఉన్నోళ్లం బడిల మాత్రం వేరే మనుషులమయ్యేది.

ఎనిమిదో తరగతిల ఉన్నప్పటి మాట. సోమవారం పొద్దుగాల తెలుగు సారు వ్యాసం రాయమన్నడు. 'నిన్న ఆదివారం మా ఇంట్లో' అని. రాసినంక ఒక్కొక్కలను లేపి చదివిచ్చిండు. పప్పు, వంకాయ, కోడికూర అని చదువుతున్నరు. నా పక్కన కూసునే దోస్తు లేసి, ఉన్నదున్నట్టు చదివిండు. "నిన్న మా ఇంట్ల పెద్దకూర. మా అమ్మి గోంగూరేసి వండింది."

తరగతంత గొల్లున నవ్వింది. ఎవలో ముక్కు మూసుకున్నరు. నేను సుత నవ్విన. అందరికన్న గట్టిగ నవ్విన.

దోస్తులారా, ఆ ఆదివారం మా ఇంట్ల వండింది గూడ పెద్దకూరనే. మా నాయిన తెచ్చింది గా పిలగాని చిన్నాయిన దుకాణంల నుంచే. తూకమేసినప్పుడు వాడు అక్కడనే నిలబడ్డడు. నా వ్యాసంల నేను ఏం రాసిన్నో తెలుసా? టమాటపప్పు.

వాడు నా దిక్కు చూసిండు. ఒక్క మాట అంటే అయిపోయేది. "సార్, వీళ్లు గూడ మా కాడనే తీసుకపోయిన్రు" అంటే నా బతుకు బయటపడేది. అనలే. సప్పుడు చెయ్యక కూసున్నడు. నేను వాని పరువు తీసిన, వాడు నా పరువు కాపాడిండు. ఆ దినం నుంచి మేం ఒక్క బెంచీ మీద కూసున్నది తక్కువ.

ఇగ అసలు ముచ్చటకు వస్త.

ఉస్మానియాకు పోయినంక హాస్టల్ రూముల ఒక పుస్తకం దొరికింది. 'దర్గామిట్ట కతలు'. రాసింది మహమ్మద్ ఖదీర్‌బాబు. నెల్లూరు జిల్లా కావలి ఆయనది. 1999ల వచ్చిన పుస్తకం అది. ఒక ముస్లిం పిలగాడు తన ఇంటి ముచ్చట్లు తన నోటితోని చెప్తుంటడు. చాలీచాలని సంసారం, అమ్మ తిట్లు, పండుగలు, బడి, ఆటలు. 2004ల 'పోలేరమ్మ బండ కతలు' అని ఇంకో పుస్తకం వచ్చింది.

అప్పటికి మనం చదివేటియి వేరే. 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది, దళిత కవిత్వం మన చేతికి కత్తిలెక్క దొరికింది. 1998ల స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా'తోని ముస్లింవాద కవిత్వం భూకంపంలెక్కనే వచ్చింది. రెండిట్ల కోపముంది. ఉండాల్సిన కోపమే. ఖదీర్‌బాబు కథలల్ల నాకు దొరికింది నవ్వు. ఆ పిలగాడు తను ముస్లింనని ఎవలకూ సంజాయిషీ ఇయ్యడు. మేం సుత మంచోళ్లమే అని రుజువు చూపియ్యడు. మా పాఠాలల్ల సాయిబులు వస్తే రంజాన్ నాడే వచ్చేటోళ్లు, సేమియా పెట్టి, అలయ్ బలయ్ ఇచ్చి పోయేటోళ్లు. మిగతా దినాలు వాళ్లు ఏం తింటరు, ఎట్ల కొట్లాడుకుంటరు, ఎందుకు నవ్వుతరు అని ఎవలు రాయలే. ఖదీర్‌బాబు ఆ మిగతా దినాలు రాసిండు.

భాష సుత అంతే. జనం మాట్లాడే మాటనే రాయాలె అని మా కాళోజీ జిందగీ అంత కొట్లాడిండు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇయ్యాల భాషా దినోత్సవం చేసుకుంటున్నం. ఖదీర్‌బాబుది నెల్లూరు సీమ భాష, మనది ఓరుగల్లు భాష. కానీ తన గల్లీ మాటను సిగ్గుపడకుంట అచ్చుల పెట్టుడు అనే పని ఒక్కటే.

ఆ పుస్తకాలు పెద్దలూ చదివిన్రు, పిల్లలూ చదివిన్రు. అచ్చంగ పిల్లల కోసమని వచ్చిన పుస్తకాల ముచ్చట వేరే. హైదరాబాదుల అన్వేషి అని స్త్రీల అధ్యయన కేంద్రం ఉంది. వాళ్లు ఒక ప్రశ్న వేసుకున్నరు. పిల్లల పుస్తకాలల్ల ఉండే పిల్లలు ఎవల పిల్లలు? రాజుల కొడుకులు, పట్నంల మేడల పిల్లలు, వాళ్లకు బొమ్మలు, సెలవులు, తాతయ్యగారి ఊరు. పొద్దుగాల లేసి బర్లు కాసి బడికి వచ్చే పిల్ల ఏది? పాత పుస్తకం కోసం తిరిగే పిలగాడు ఏడి? ఆ ప్రశ్నల నుంచి 2008ల 8 పుస్తకాలు వచ్చినయి, తెలుగుల, మలయాళంల, ఇంగ్లీషుల.

వాటిల ఒకటి ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ. ఒక ముస్లిం ఇంట్ల తలకాయ కూర వండుకునుడు, ఆ సంబురం, అంతే. దానికి బొమ్మలేసింది ఎవలో తెలుసా? గులాం మహమ్మద్ షేక్. దేశంల పేరున్న చిత్రకారుడు. అసొంటాయన ఒక పేద ఇంటి వంటకు రంగులేసిండు.

ఇంకో పుస్తకం ఉంది, బడి కథలది. అండ్ల ఖదీర్‌బాబు కథ, జూపాక సుభద్రక్క కథ ఒక్క అట్ట నడుమ ఉన్నయి. సుభద్రక్క మన ఓరుగల్లు బిడ్డ, మాదిగ ఇంటి బిడ్డ. ఒక ముస్లిం పిలగాడు, ఒక మాదిగ పిల్ల ఒక్క పుస్తకంల పక్కపక్కన కూసున్నరు. అది చూసినప్పుడు నాకు మా ఎనిమిదో తరగతి బెంచీ యాదికొచ్చింది.

2012 ఏప్రిల్ల ఉస్మానియాల పెద్దకూర పండుగ చేసినం కదా. నేనున్న. మా తిండి మా హక్కు అని గొంతు పోయేదాక అరిసిన. 2015 సెప్టెంబర్ల దాద్రీ కాడ అఖ్లాక్‌ను ఇంట్ల నుంచి గుంజి సంపిన్రు, ఫ్రిజ్‌ల ఏం మాంసముందో అని అనుమానంతోని. అప్పుడు సుత మీటింగు పెట్టి దళిత ముస్లిం ఐక్యత మీద గంట సేపు మాట్లాడిన. చప్పట్లు పడ్డయి. ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే. మైకు ముంగట ఇంత ధైర్యమున్నోడు ఒక తరగతి గదిల ఒక దోస్తు పక్కన ఎందుకు లేసి నిలబడలే?

నేను ఇచ్చుకునే జవాబు ఒక్కటే. అప్పటిదాక నా కూర ఏ పుస్తకంల చూడలే. పుస్తకంల లేనిది తప్పనుకున్న. వానిది గూడ ఏ పుస్తకంల లేకుండె. అయినా వాడు చెప్పిండు. గంత దమ్ము అందరికీ ఉండది. ఆ దమ్ము లేని పిల్లల కోసమే పుస్తకాలు కావాలె.

ఇప్పుడు మా వాడ కమ్యూనిటీ హాల్ల సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్తున్న. మొన్న ఖదీర్‌బాబు తలకాయ కూర కథ చదివి వినిపిచ్చిన. సగం కాకముందే మొదలైంది లొల్లి. "సార్, మా నాయిన తలకాయ కాలుస్తుంటే ఎంటికల వాసన వాడంత వస్తది." "సార్, మెదడు నాకే పెడతరు." "అబద్ధం సార్, వాళ్ల తమ్మునికి పెడతరు." నేను ఏం కూర అని అడగలే. వాళ్లే చెప్పుకున్నరు. ఒక పిల్ల మెల్లగ పెద్దకూర అన్నది. ఎవలూ నవ్వలే. ఇంకో పిలగాడు "మా ఇంట్ల సుత" అన్నడు.

అప్పుడు నా టమాటపప్పు ముచ్చట వాళ్లకు చెప్పిన. అంత విని ఐదో తరగతి పిల్ల అడిగింది. "మరి గా సారుకు సారీ చెప్పిన్రా?"

చెప్పలే. ఇన్నేండ్లు చెప్పలే.

మొన్న ఆదివారం పుస్తకం పట్టుకుని పోయిన. వాడు దర్గా దిక్కు ఉంటడు, ఆటో నడుపుకుంటడు. చెప్పిన. కొంచెం సేపు ఆటో అద్దం తుడుచుకుంట ఉన్నడు. "నీకు చెప్పే ధైర్యం లేకుండె, నాకు తెల్సురా" అన్నడు. మాఫ్ చేసిన అనలే. నేను అడగలే గూడ. పుస్తకం తీసుకున్నడు. బొమ్మలు చూసుకుంట, "నా బిడ్డకు ఇయ్యనా?" అన్నడు.

విద్యార్థి దోస్తులకు ఒక్క మాట. ఐక్యత మీద కరపత్రాలు రాయండి, కాదన. కానీ నెలకొక్క నాడు మీ ఊరికి పోయినప్పుడు వాడల పిల్లల్ని కూసోబెట్టి ఒక కథ చదవండి. ఖదీర్‌బాబుది చదవండి, సుభద్రక్కది చదవండి, గోగు శ్యామలక్కది చదవండి. లైబ్రరీలల్ల అడగండి, లేకుంటే తెప్పియ్యమని దరఖాస్తు పెట్టండి. చదివినంక మీ ఇంటి కూర ముచ్చట సుత చెప్పండి. ముందు మనం చెప్తేనే పిల్లలు చెప్తరు.

వచ్చే వారం కలుద్దాం. జై భీమ్.