మెరిసే నేల ఎవరి కోసం?

కొత్తగా కట్టిన ఇంటికి వెళ్తే మనవాళ్ళు ముందు గోడల రంగు చూడరు, కప్పు చూడరు. గుమ్మం దాటగానే తల వంచి నేల చూస్తారు. "అబ్బ, మొహం కనిపిస్తోందండీ!" అన్నారంటే ఇల్లు కట్టినవాళ్ళ జన్మ ధన్యమైనట్టే. మా చిన్నప్పుడు ఎర్ర గచ్చు ఉండేది. తర్వాత షాబాదు బండలొచ్చాయి. ఆ పైన మొజాయిక్, మార్బుల్. ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగే విట్రిఫైడ్ టైల్స్. రోజులు మారినకొద్దీ నేలకు నునుపు పెరిగింది. ఆ నేల మీద తిరిగేవాళ్ళలో నాలుగు కాళ్ళవాళ్ళు కూడా ఉంటారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మా ఇంట్లో ఆ చర్చ లేవదీసింది మా తమ్ముడి కూతురు. తమ్ముడిది మరిపెడ. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ సెంటరు బాగా పరిచయమే. పిల్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో పెంపుడు కుక్కలకు, పిల్లులకు స్నానాలు చేయించి జుట్టు కత్తిరించే సెలూన్‌లో రెండేళ్ళు పనిచేసింది. తిరిగొచ్చి, మరిపెడలోనే అలాంటిది పెడతానంది.

"కుక్కలకు క్షవరమా? మనుషులకు చేసేటోళ్ళే గిరాకీ లేక కూసుంటున్నరు" అన్నాడు తమ్ముడు.

"బాపూ, మన గల్లీలోనే ఆరు బొచ్చుకుక్కలున్నయి. ఎండాకాలమొస్తే జుట్టంత జడలు కట్టి, లోపల పుండ్లు పడుతున్నయి. ఖమ్మం తీస్కపోయేటంత ఓపిక అందరికీ ఉంటదా?" అంది పిల్ల.

చివరికి తమ్ముడు ఒప్పుకున్నాడు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మగా వచ్చిన డబ్బు పెళ్ళి ఖర్చుకని దాచి ఉంచాడు. అదే తీసి ఇచ్చాడు. "ఇది పోతే మళ్ళ అడగొద్దు బిడ్డా" అని ఒక్క మాటన్నాడు. ఆ మాట పిల్ల మనసులో పడిపోయింది. రోడ్డు మీద ఒక షటర్ గది అద్దెకు తీసుకున్నారు. లోపల ఇంకా ఉత్త కాంక్రీటే. నేల మన ఇష్టం అన్నాడు ఓనరు. అక్కడ మొదలైంది అసలు పేచీ.

టేబుల్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. జుట్టు ఆరబెట్టే మిషను పాడైతే బాగుచేయించుకోవచ్చు. నేల అలా కాదు. ఒకసారి వేశాక బాగాలేదంటే కొట్టు మూసి, పగలగొట్టి, మళ్ళీ వెయ్యాలి. ఉన్న డబ్బుతో ఆ పని ఒక్కసారే చెయ్యగలరు.

తమ్ముడు తెల్లటి రెండడుగుల టైల్స్ వేయిద్దామన్నాడు. "వచ్చినోళ్ళకు కంటికి ఇంపుగ ఉండాలె గద అక్కా" అని నన్నూ తనవైపు లాగబోయాడు. సుతారి మాత్రం తాండూరు బండలు పరిస్తే తన తర్వాతి తరం కూడా చూసుకోనక్కర్లేదన్నాడు. పిల్ల రెండింటికీ తల అడ్డంగా ఊపింది.

"హైదరాబాద్‌ల నేను పనిచేసిన కాడ నేల అద్దం లెక్కనే ఉండె అత్తా. కుక్కలు గుమ్మం దాటంగనే వణికేటియి. స్నానమంటే భయమని అందరూ అనుకునేటోళ్ళు. రబ్బరు చాప పరిచిన్నాడు అవే కుక్కలు తోకూపుకుంట లోపలికొచ్చినయి" అంది.

ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. కారణం మా ఇంట్లోనే ఉంది. హనుమకొండలో మేముండే అద్దె ఇంట్లో హాలంతా మెరిసే టైల్సే. మా లాబ్రడార్‌కు పదకొండేళ్ళు. ఒకరోజు హాలు మధ్యలో దాని వెనక కాళ్ళు రెండూ చెరోవైపు జారిపోయి, పొట్ట నేలకు ఆనించి కూలబడింది. ఆ రోజు నుంచి అది హాలు దాటడం మానేసింది. నీళ్ళ గిన్నె అవతలి గోడ పక్కన ఉండేది. దాహమేసినా ఇవతలే పడుకుని ఆ గిన్నె వైపు చూసేది. వయసు మీద పడిందని చూసినవాళ్ళంతా అన్నారు. పశువుల డాక్టరు గారు దాని తుంటి కీళ్ళు నొక్కి చూసి, గిన్నె దాకా గోనెపట్టాలు పరవమన్నారు. పరిచిన సాయంత్రమే అది లేచి, పట్టా అంచు దాటకుండా నడిచి వెళ్ళి గిన్నె ఖాళీ చేసింది. దాని కాళ్ళకు పట్టు దొరికింది, అంతే.

ఇందులో కిటుకేమీ లేదు. కుక్క మనలా అరికాలు మొత్తం మోపి నడవదు. వేళ్ళ మీద నడుస్తుంది. వేళ్ళ కింది మెత్తలు, ముందున్న గోళ్ళు, ఇవే దానికి పట్టు. మట్టిలో అయితే గోళ్ళు దిగి నిలబెడతాయి. నున్నటి టైలు మీద గోరు దిగదు సరికదా, బాగా పెరిగి ఉంటే మెత్తను నేలకు ఆననివ్వదు. బొచ్చుకుక్కలకు మెత్తల మధ్య జుట్టు పెరిగితే నున్నటి నేల మీద సాక్సులతో నడిచినట్టే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు తుంటి కీలు సరిగా అమరని లోపం వంశపారంపర్యంగా వస్తుంటుంది. అలాంటివాటికి ఒక్క జారుడు చాలు, నొప్పి రెట్టింపవడానికి. ఇక సబ్బునీళ్ళు నిలిచే సెలూన్ సంగతి చెప్పాలా!

నిజానికి మన పెద్దవాళ్ళకు ఇది తెలియని విద్య కాదు. మా నాన్న పశువుల కొట్టంలో బండలు పరిపించినప్పుడు నున్నటి మొహం కిందికి, గరుకు మొహం పైకి పెట్టించాడు. దాని మీద ఉలితో అడ్డంగా గాట్లు కొట్టించాడు. మూత్రం నిలవకుండా వెనక కాలువ వైపు వాటం ఇప్పించాడు. ఎద్దు జారి కాలు విరిగితే ఆ ఏటి సేద్యం పోయినట్టే. అందుకే కొట్టానికి నేల వేసేటప్పుడు మనిషి కన్ను కాదు, ఎద్దు గిట్ట చూసుకునేవారు. ఈ మాట చెప్పగానే తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. ఆ గాట్ల బండల మీద వాడూ నేనూ పేడ ఎత్తినవాళ్ళమే.

తాండూరు బండల విషయం పిల్లే సుతారికి వివరించింది. అది సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే పై పొర తినేస్తుంది. మరకలూ పట్టుకుంటాయి. పాలిష్ పెడితే తడి మీద జారుతుంది, పెట్టకపోతే రోజూ మూత్రం, సబ్బు పడేచోట శుభ్రం చెయ్యడం కష్టం. ఇంటి వరండాకు దాన్ని మించింది లేదు గానీ ఈ పనికి కాదు. పెద్దాయన గడ్డం గోక్కుని, "అయితే నీ కుక్కలకు ఏం గావాలెనో నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు.

టైల్స్‌లోనూ జారనివి ఉన్నాయి. వాటికి ఒక కొలమానం ఉంది. జర్మనీవాళ్ళు పెట్టిన పరీక్ష అది. నూనె పూసిన పలక మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తూ, పలకను నెమ్మదిగా ఏటవాలుగా ఎత్తుతారు. ఎన్ని డిగ్రీల దగ్గర కాలు జారుతుందో చూసి ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా మార్కులేస్తారు. ఆర్ 9 అంటే 6 నుంచి 10 డిగ్రీలకే జారేది. ఆర్ 11 అయితే 19 నుంచి 27 డిగ్రీల దాకా ఆగుతుంది. చాలా కంపెనీల కేటలాగుల్లో ఈ అంకె ఉంటుంది, అడిగితే చూపిస్తారు. కానీ ఆ పరీక్షలో నడిచింది బూట్లేసుకున్న మనిషి, కుక్క కాదు.

అందుకే ఖమ్మం వెళ్ళినప్పుడు పిల్ల మా లాబ్రడార్‌ను కూడా ఆటోలో ఎక్కించింది. టైల్స్ కొట్టతను మొదట నవ్వాడు. తర్వాత నాలుగు రకాల శాంపిళ్ళు వాకిట్లో పరిచి, బకెట్‌లో షాంపూ కలిపి తనే పోశాడు. ఆరినప్పుడు అన్ని టైళ్ళూ మంచివే, తడిసినప్పుడే దేని గుణమేమిటో బయటపడుతుంది. తెల్లటి మెరుపు టైలు మీద కుక్క ముందుకాలు పెట్టి వెనక్కి తీసుకుంది. బాగా గరుకైన పార్కింగ్ టైలు మీద హాయిగా నడిచింది గానీ, దాని గాళ్ళలో వెంట్రుకలు ఇరుక్కుని చీపురుకు రాలేదు. మెత్తలు ఒరుసుకుపోయే భయమూ ఉంది. మూడోది ఆర్ 11 మార్కున్న బూడిదరంగు మ్యాట్ టైలు. కుక్క దాని మీద నిలబడి ఒళ్ళు దులిపింది. ఒళ్ళు దులిపేటప్పుడు జారని నేల అంటే దానికి కుదిరినట్టే. "ఇగ బేరం జెయ్యుండ్రి" అన్నాడు కొట్టతను.

టైలు ఎంచుకుంటే సగం పనే అయింది. మిగతా సగం సుతారి చేతిలో ఉంది. స్నానం చేయించే భాగం పది అడుగులు. ఎనభైకి ఒకటి చొప్పున వాటం ఇస్తే ఈ చివర నుంచి ఆ చివరకు అంగుళంన్నర దిగాలి. నీళ్ళ పైపుతో లెవల్ పట్టి, టైల్స్ పరిచాక బకెట్ నీళ్ళు కుమ్మరించి చూశాడు. చుక్క నిలవలేదు. నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్‌కు ముందు, వెంట్రుకలు ఆగేలా తీసి కడుక్కునే జాలీ పెట్టాడు. గోడ, నేల కలిసేచోట మూల లేకుండా గుండ్రంగా తిప్పాడు. జుట్టు ఆరబెట్టే మిషను, దాని కరెంటు పాయింట్లు తడికి దూరంగా అవతలి పొడి భాగంలో పెట్టించారు.

దర్జుల్లో మామూలు సిమెంటు కాకుండా ఎపాక్సీ నింపించారు. ఖర్చు ఎక్కువే. కానీ సిమెంటు దర్జు తడిని పీల్చుకుంటుంది, దాంతోపాటు వాసననూ, క్రిములనూ. 1970ల చివర్లో ప్రపంచానికి తెలిసిన పార్వో వైరస్ కుక్కపిల్లల పాలిటి యముడు. నేల మీద నెలల తరబడి బతుకుతుంది. చాలా ఫినాయిళ్ళకు చావదు. ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత ముప్ఫై పాళ్ళ నీళ్ళకు ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. సందులో దాక్కున్నదాన్ని ఏ మందు చంపుతుంది?

పనిలో పనిగా ఇంట్లో జంతువులున్నవాళ్ళకు పిల్ల చెప్పే జాగ్రత్తలివి. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పొయ్యకండి, ముందు నీళ్ళతో కడగండి. రెండూ కలిస్తే ఊపిరికి చేటు చేసే వాయువు వస్తుంది. బ్లీచ్‌లో యాసిడ్ అసలే కలపకూడదు. పిల్లి తిరిగే ఇంట్లో ఫినాయిల్ వాడొద్దు. అందులోని ఫినాల్‌ను పిల్లి శరీరం విరగ్గొట్టుకోలేదు, కాళ్ళు నాక్కుంటే ఒంట్లోకి పోతుంది. కుక్క గోళ్ళు, మెత్తల మధ్య జుట్టు ఎప్పటికప్పుడు కత్తిరించండి.

గడప ఎత్తు గురించి మాత్రం ఎవరూ వాదించలేదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఆకేరు పొంగి, మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచెత్తిన వాన ఎవరికీ మరుపు రాలేదు. అడుగు ఎత్తు లేపారు. కానీ కీళ్ళనొప్పుల కుక్కకు మెట్లు కష్టం. అందుకని గడప ముందు వాలుగా దిగే దారి కట్టి, మంటతో కాల్చి గరుకు చేసిన గ్రానైట్ పలకలు వేశారు.

తమ్ముడికి మెరుపు మీద మోజు పూర్తిగా పోలేదు. ఆ తెల్లటి టైల్స్ గోడలకు నాలుగడుగుల ఎత్తు దాకా వేయించుకున్నాడు. అది మంచిదే, నీళ్ళు చిమ్మినా తుడిస్తే పోతుంది. 1163లో కట్టిన మన వేయి స్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ ఎంత మెరుస్తాయో చూడండి. మెరుపు స్తంభానికి అందం, గోడకు అందం. కాలు మోపేచోట దాని పని వేరు.

కొట్టు నడుస్తోంది. ఆదివారాలు తీరిక ఉండదు, మంగళవారాలు ఈగలు తోలుకోవడమే. మిర్చి డబ్బు తిరిగి రావడానికి ఇంకా టైము పడుతుంది. కానీ ఇప్పటిదాకా ఆ నేల మీద ఒక్క కుక్క జారలేదు, రోజంతా తడిలో నిలబడి పనిచేసే పిల్లా జారలేదు.

మొన్న మా అమ్మను అక్కడికి తీసుకెళ్ళారు. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర ఆనించుకుంటూ లోపలికి వెళ్ళి, తడి నేల మీద రెండడుగులు వేసి ఆగింది. కర్ర చేతిలోకి ఎత్తుకుని, మళ్ళీ రెండడుగులు వేసింది.

"కొడుకా, కుక్కలకు ఏసినవు మంచిగనే ఉంది. ఇంటికాడ తానం జేసే రూముల నాకు గిట్ల ఎప్పుడేస్తవు?" అని అడిగింది.

తమ్ముడు ఆ సాయంత్రమే సుతారికి ఫోన్ చేశాడు.