పడవ యజమాని చొక్కా

పిల్లలూ! ద్రాక్షారామం అనగానే మీ పెద్దలకు భీమేశ్వరస్వామి గుర్తుకు వస్తాడు. పంచారామాలలో అది ఒకటి. అయితే గుడి చూసి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ ఊళ్ళో ఉన్న డచ్చివారి గోరీల సంగతి ఎరగరు. డచ్చివారు హాలెండు దేశస్థులు. 17వ శతాబ్దంలో వాళ్ళ ఈస్టిండియా కంపెనీ ఈ ఊళ్ళో కొఠీ పెట్టి, మన నేతగాళ్ళు నేసిన నూలుబట్టలు కొని ఓడల మీద పంపించేది. ఈ కంపెనీ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ పని పడుతుంది.

గోరీలు చూసి, మేము బస్సెక్కి యానాం మీదుగా తాళ్ళరేవు వెళ్ళాము. ఆ ఊరూ, పక్కనున్న కోరంగీ పూర్వంనుంచీ ఓడలు కట్టడానికి పేరుపడ్డవి. నీటి ఒడ్డున ఒక చేపల పడవ సగం తయారై ఉన్నది. బాడిసల చప్పుడు, కొత్త కలప వాసన!

ఇస్త్రీ చొక్కా, తెల్లని పంచె, చేతిలో గొడుగుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. మా అబ్బాయి ఆయనకు నమస్కారం చేసి, "ఈ పడవ మీదేనాండి?" అని అడిగాడు.

"కాదు బాబూ! నేను కలప అమ్మేవాణ్ణి. బాకీ వసూలుకు వచ్చాను. యజమాని కోసం నేనూ వెతుకుతున్నాను," అన్నాడాయన.

ఇంతలో, "ఆయ్, నేనిక్కడున్నానండి!" అని పడవ అడుగునుంచి ఒక గొంతు వినిపించింది. ముందు రెండు కాళ్ళు వచ్చాయి. తరవాత గళ్ళేవో మరకలేవో తెలియని లుంగీ వచ్చింది. ఆ తరవాత మూడు గుండీలూ మూడు రకాలుగా ఉన్న చొక్కా, దానిలో యజమానీ వచ్చారు! ఆయన ఆప్యాయంగా చేతులు చాచేసరికి కలప వర్తకుడు నాలుగడుగులు వెనక్కు వేసి, "బాకీకి తొందరేముందిలే, రేపు వస్తాను," అంటూ వెళ్ళిపోయాడు.

"ఇది చొక్కా కాదు, చరిత్ర!" అన్నాడు యజమాని. "ఈ నీలం నా మొదటి పడవది. ఈ ఎరుపు మా తమ్ముడి పడవది. ఈ తారు నిన్నటిది. మా ఆవిడ దీన్ని గడప దాటనివ్వదు. వాకిట్లో మేకే దీని ఇల్లు!"

"పనివాళ్ళు ఉన్నారు కదా, మీరెందుకు పడవ కింద దూరడం?" అన్నాడు మావాడు.

ఆయన నవ్వు ఆపాడు. "వాళ్ళు మంచి పనివాళ్ళే బాబూ. కాని ఈ పడవలో నేనూ, నా కొడుకూ, మరి నలుగురూ సముద్రం మీదికి పోతాం. ప్రతి సందూ నా వేలితో తడిమి చూసుకోవాలి."

పలకకూ పలకకూ మధ్యనున్న సందులో దూది దట్టించి, పైన పూత పూస్తారు. నీటిలో దిగాక కలప ఉబ్బి, సందును ఇంకా బిగిస్తుంది. ఒక్క సందు మరిస్తే నీరు లోపలికి వస్తుంది. సముద్రంతో పరాచికాలు కూడదని ఇక్కడివారికి తెలుసు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫానుల్లో ఉప్పెన కోరంగిని ముంచెత్తి ఎందరినో బలిగొన్నది.

రాజులు కూడా ఇలాంటి బట్టలు తొడుక్కున్నారు. రష్యాను ఏలే పీటరు 1697లో ఓడపని నేర్చుకోవడానికి మారుపేరుతో హాలెండు వెళ్ళాడు. వడ్రంగివాళ్ళ బట్టలు వేసుకున్నా, జాండాం ఊళ్ళో జనం ఆయన్ని గుర్తుపట్టి చుట్టుముట్టారు. అప్పుడాయన ఆంస్టర్‌డాం చేరి, ఒక ఓడల కార్ఖానాలో నెలల తరబడి గొడ్డలి పట్టి పనిచేశాడు. ఆ కార్ఖానా ఎవరిదనుకున్నారు? ద్రాక్షారామంలో బట్టలు కొన్న ఆ కంపెనీదే!

మేము సెలవు తీసుకునేటప్పుడు యజమాని, "పడవను నీటిలో దింపేరోజు తప్పక రండి. ఆనాడు నేనూ తెల్లపంచె కడతాను," అన్నాడు.

"మరి అప్పుడు మిమ్మల్ని గుర్తుపట్టేదెలాగండి?" అన్నాడు మావాడు.

ఆయన రెండు చేతులూ చాచి చూపించాడు. "గోళ్ళు చూడు బాబూ! ఈ తారు ఏ సబ్బుకూ లొంగదు!"