మున్నీకి ఒక పూరా సీటు

మన ఖాందాన్‌లలో కారంటే ఐదు సీట్లు, ఏడెనిమిది మంది. పిల్లల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లు దాటితే అర టికెట్టయినా ఉంటుంది, సొంత కారులో అదీ లేదు. ఎవరిదో ఒకరి గోద్ ఉందిగా!

అందుకే మా మున్నీకి బూస్టర్ సీటు కొందామన్నప్పుడు మొదటి సవాల్ ఖర్చు గురించి రాలేదు. "ఏం బేటీ, నా గోద్ కంటే ఆ ప్లాస్టిక్ కుర్సీ మేలా?" అని మా సాస్ నారాజ్ అయ్యారు. ముగ్గురు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకునే పెంచిన మనిషి. ఆమె ముహబ్బత్‌కి వంక పెట్టేదెవరు? కానీ కారు 50 కిలోమీటర్ల వేగంలో దేనికైనా గుద్దుకుంటే, 18 కేజీల పిల్ల కొన్ని వందల కేజీల ధాటితో ముందుకు దూసుకుపోతుంది. పహిల్వాన్ చేతులు కూడా ఆపలేవు. మేం కర్నూలు వెళ్లే హైవే మీద వేగం 50 దగ్గర ఆగుతుందా?

"కారు బెల్టే పెడితే పోలా భాభీ?" అన్నాడు మా దేవర్. పెట్టి చూశాం. పై పట్టీ మెడకు రాసుకుంటోంది, కింది పట్టీ పొట్ట మీద పడుతోంది. ఆ బెల్టు పెద్దవాళ్ల కొలతకు చేసింది. గట్టి కుదుపు వస్తే పొట్ట లోపలి అవయవాలకే దెబ్బ. బూస్టర్ పిల్లను కాస్త ఎత్తులో కూర్చోబెడుతుంది. అప్పుడు కింది పట్టీ తుంటి ఎముకల మీదకి, పై పట్టీ భుజం మధ్యకి వస్తాయి. దాని పనంతా ఇంతే, కానీ జాన్ కాపాడేది అదే.

ఇక ఏది కొనాలి? రంగు, మెత్తదనం తర్వాత సంగతి. ముందు పిల్ల బరువు, ఎత్తు చూడండి. 15 కేజీలు లేని పసివాళ్లకు బూస్టర్ వద్దు, సొంత పట్టీలున్న చైల్డ్ సీటే కావాలి. మున్నీ ఎత్తు 108 సెంటీమీటర్లు. వీపు లేని పీట లాంటి బూస్టర్ సస్తాగానే ఉంది. కానీ యూరప్ కొత్త నియమాల ప్రకారం అది 125 సెంటీమీటర్లు దాటిన పిల్లలకే. పైగా మా మున్నీ జడ్చర్ల రాకముందే నిద్రపోతుంది. తల వాలకుండా పక్కల ఆసరా, బెల్టును భుజం దగ్గర పట్టి ఉంచే దారి ఉన్న ఎత్తు వీపు సీటే తీసుకున్నాం.

ఇంకో మాట. మా కారులో వెనక మధ్య సీటుకి నడుము పట్టీ మాత్రమే ఉంది. బూస్టర్‌కి భుజం పట్టీ కూడా తప్పనిసరి, కాబట్టి కిటికీ పక్కనే పెట్టాలి. కొనేముందు సీటునీ పిల్లనీ మీ కారులోనే కూర్చోబెట్టి చూడండి. ఎవరైనా పాత సీటు ఇస్తామంటే అది యాక్సిడెంట్ చూసిందేమో అడగండి. జవాబు తెలియకపోతే షుక్రియా చెప్పి వదిలేయండి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే 1000 రూపాయల జుర్మానా. కానీ మా ఇంట్లో అసలు ఖర్చు వేరే. రంజాన్ పండుగకి కర్నూలు వెళ్లాలి. పెద్దలం ఐదుగురం, మున్నీ ఆరో మనిషి. కిటికీ పక్క సీటు మున్నీదైతే పెద్దల్లో ఒకరు దిగాల్సిందే. ఇంట్లో కాసేపు ఖామోషీ. చివరికి మా ఆయన స్టీరింగ్ తమ్ముడికి అప్పగించి, తను బస్సెక్కారు.

సీటు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. దానికి కారులో జాగా ఇవ్వడమే కష్టం. కొనడానికి వెళ్లేముందు ఇంట్లో అందరూ కూర్చుని మషవరా చేసుకోండి, ఈసారి బస్సులో వచ్చేదెవరని.